పుష్యమాసంలో కొట్టించిన కొమ్మ

ఆదోనిలో మేమున్న ఇంటి యజమానికి తెలియని విషయం లేదు. పత్తి ధర ఎప్పుడు పడిపోతుందో తెలుసు. నా బిడ్డకు జలుబు ఎందుకు చేసిందో తెలుసు. కాలువ నీళ్లు మా వైపుకు ఏ ఏడాది వస్తాయో, ఆ కాలువ పనుల ఆఫీసులోనే గుమాస్తాగా ఉన్న మా ఆయనకంటే ఆయనకే బాగా తెలుసు. అలాగే చెట్ల సంగతి కూడా. మిగతావన్నీ వదిలేసి ఆ చెట్ల సంగతి ఒక్కటీ రాద్దామని కూర్చున్నాను. పాప నిద్రపోయాక దొరికే ఈ కాస్త వేళలో రాస్తున్నాను కాబట్టి, ఎక్కడైనా తొందర కనిపిస్తే పాప కదిలిందని అనుకోండి.

ఆయన పత్తి మండీ వ్యాపారి. ముందువైపు రాతి గోడల పెద్ద ఇల్లు ఆయనది. వెనకనున్న రెండు గదుల మట్టిమిద్దె మాకు అద్దెకు ఇచ్చాడు. రెండిళ్ల మధ్య పెద్ద వాకిలి. అందులో ఒక వేపచెట్టు. అది మనిషి ఎత్తు దాటగానే రెండుగా చీలింది. ఒక పెద్దకొమ్మ వీధి గేటు మీదుగా పోయింది. రెండోది మా మిద్దె మీదికి వచ్చింది. ఊరికే వచ్చి ఉన్నా సరిపోయేది. గాలి వీచినప్పుడల్లా అది పిట్టగోడను రాసుకుంటూ, పాత మంచం విరగబోయే ముందు చేసే చప్పుడు లాంటిది చేసేది. సరిగ్గా ఆ పిట్టగోడ కింది గదిలోనే పాప ఊయల.

మేం ఆ ఇంట్లో చేరేనాటికి పాపకు ఇంకా మెడ నిలవలేదు. రెండో గది వంటగది. అందులో కట్టెల పొగ. ఊయల అక్కడికి మారిస్తే పాప రాత్రంతా దగ్గేది. ఇక్కడుంటే కొమ్మ, అక్కడుంటే పొగ. ఈ మాట మా ఆయనతో అంటే, ఇంతకాలం పడని కొమ్మ ఇప్పుడే ఎందుకు పడుతుంది అన్నాడు. అది కొమ్మను చూసి చెప్పిన మాట కాదు. ఇంటాయనతో మాట్లాడవలసి వస్తుందన్న భయంతో చెప్పిన మాట.

కొమ్మను చూసినదాన్ని నేను. మిద్దె మీద కందులు ఎండబోయడానికి పోయినప్పుడు మెట్ల మధ్యలో నిలబడితే కొమ్మలు రెండుగా చీలిన ఆ పంగ చేతికందే దూరంలో ఉంటుంది. రెండు కొమ్మలూ ఒకదాన్నొకటి నొక్కుకుని పెరగడంతో వాటి నడుమ బెరడు లోపలికి ముడుచుకుపోయింది. అక్కడినుంచి ఒక నల్లటి గీత మాను మీదుగా కిందికి దిగింది. వాన పడి చాలా రోజులైనా ఆ గీత తడిగా ఉంది. చీమలు దాని లోపలికి పోతున్నాయి, వస్తున్నాయి. వేలు పెడితే కణుపు దాకా పోయింది. నేను కందులు అక్కడే వదిలేసి దిగివచ్చి, ఊయల తాడు విప్పి, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నాకు చెట్ల గురించి ఏం తెలుసునని ఆ తర్వాత చాలామంది అడిగారు. కాబట్టి అదీ చెబుతాను. కాలేజీలో నేను వృక్షశాస్త్రం చదివాను. అంతకంటే ముందు నేను ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలో పెరిగాను. ఆ వీధికి రెండువైపులా కానుగచెట్లు. చెట్ల కింద బారుగా పడుగు సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. పడుగు మీద పుల్ల పడినా, పురుగు పడినా, కొమ్మ తగిలినా దారాలు తెగుతాయి. గంజి ఆరడానికి చలికాలంలో ఎండ కావాలి. ఎండాకాలంలో అదే పడుగు పెళుసెక్కి తెగకుండా నీడ కావాలి. అందుకని వాళ్లు ప్రతి ఏడాదీ పుష్యమాసంలో, చెట్లు ఆకు రాల్చబోయే ముందు, కిందికి వాలిన కొమ్మలనూ ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలనూ ఎండినవాటినీ తీసేస్తారు. వెంటనే వీధిలో ఎండ పడుతుంది. ఉగాదినాటికి కొత్త చిగురు పైకి లేచి, ఎండలు ముదిరే వేళకు గొడుగు పట్టినట్టు నీడ వస్తుంది. ఆ వీధిలో గాలివానకు కొమ్మ విరిగిపడగా నేను ఒక్కసారీ చూడలేదు.

కాలేజీలో చెప్పింది కూడా దాదాపు అదే. చలికాలంలో చెట్టు పని తగ్గించుకుంటుంది. రసం తక్కువగా పారుతుంది కాబట్టి కోసినచోట కారిపోదు. ఆకు పలచబడితే ఏ కొమ్మ ఎక్కడ చీలిందో కంటికి కనిపిస్తుంది. గాయం మీద వాలే పురుగు కూడా తక్కువ. వసంతంలో చెట్టు మళ్లీ లేచినప్పుడు మొదట చేసే పనుల్లో ఆ గాయాన్ని మూసుకోవడం ఒకటి. కాకులు కూడా అప్పటికి గూళ్లు కట్టవు. ఇందులో పెద్ద చదువు అవసరమైన ముక్క ఒక్కటీ లేదు. అయినా ఆదోనిలో దీన్ని అర్థం చేసుకోగల మనిషి నాకు కనిపించలేదు.

మా ఆయన అడగడని తెలిసి, ఒకరోజు పొద్దున్నే నేనే పాపను చంకనేసుకుని ముందింటికి పోయాను. పెద్దమనిషి అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. తోముతున్న పుల్ల ఆ చెట్టుదే. చీలిక గురించి చెప్పాను. ఈ చలిలో రసం తక్కువగా పారుతుంది, గాయం తొందరగా మానుతుంది, చలికాలం దాటకముందే మా మిద్దె మీది కొమ్మను తగ్గిస్తే చెట్టుకూ మంచిది, వేసవికి నీడా బాగా వస్తుంది అన్నాను.

ఆయన తీరిగ్గా ఉమ్మి, "ఏమ్మా, చెట్టుకు చలికాలమేంది, ఎండకాలమేంది? అది యేమన్నా కంబళి కప్పుకుంటాదా?" అన్నాడు.

అరుగు కింద నిలబడ్డ హమాలీలు నవ్వారు. నవ్వకపోతే ఆ రోజు పని దొరుకుతుందో లేదో వాళ్లకు తెలుసు. నేను చిన్నగా ఎమ్మిగనూరు సంగతి చెప్పబోయాను. మగ్గాలోళ్ల మాటలు ఈడ చెప్పొద్దు అని తీసిపారేశాడు. పత్తి బండ్లు వచ్చే రోజుల్లో చెట్టు పని పెట్టుకునే తీరిక ఎవరికుంది అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. వైశాఖంలో ఆయన కొడుకు పెండ్లి. బళ్లారి సంబంధం. రెండు కొమ్మలూ వాకిలంతా కప్పుతాయి కాబట్టి సగం పందిరి వేసే పని ఉండదు.

"ఆ కొమ్మ పెండ్లి అయ్యేదాకా ఆడనే ఉండాల. చెట్టే నాకు సగం పందిరి," అన్నాడు. "నీకు అంత బయమైతే పాపను ఇంకో పక్క పండుకోబెట్టుకో."

నా బిడ్డ తల మీదున్న బరువును ఆయన పందిరి కింద జమకట్టుకున్నాడు. పెదనాయనా, పాప మీద పడితే ఎట్ల అని అడిగాను. దేవుడున్నాడు కదా అన్నాడు. పందిరి మాత్రం దేవుడికి వదిలేయలేదు.

అయితే నేను చెప్పింది ఆయన చెవికి ఎక్కనే లేదని అనడం అన్యాయం. ఆ మరుసటి వారం మండీ నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, పత్తి బేళ్లకు బిగించే ఇనుప పట్టీలు తెచ్చి, ఆ పంగను బేలు కట్టినట్టు కట్టిపోయారు. పట్టీని ఎంత లాగారంటే బెరడు నలిగి పాలిపోయింది. పెద్దమనిషి స్వయంగా వచ్చి చూసి, ఇక ఇది బొంబాయి దాకా పోయినా విప్పుకోదు అన్నాడు. ఆయనకు తెలిసిన లోకంలో ఏ వస్తువునైనా బిగించి కట్టవచ్చు. పత్తికి ప్రాణం లేదు, చెట్టు ఏటేటా లావవుతుంది, ఆ పట్టీ దాని మెడకు ఉరి అవుతుంది అని చెప్పాలనుకున్నాను. కానీ అప్పటికే ఆ అరుగు దగ్గర నాకు ఒక పేరు వచ్చేసింది. నేను వాకిట్లోకి వస్తే చాలు, కంబళి తెమ్మంటావామ్మా చెట్టుకు, అని ఎవరో ఒకరు అడిగేవారు. మా ఆయన కూడా ఒకసారి ఆ మాటకు నవ్వాడు. ఆ రోజు ఆయనకు చల్లారిన అన్నమే వడ్డించాను.

పాపకు మెడ నిలిచింది. బోర్లా పడడం మొదలుపెట్టింది. కొమ్మ చప్పుడు అయినప్పుడల్లా అది నవ్వుతూ పైకి చూసేది. నాకు ఆ నవ్వు చూడబుద్ధి అయ్యేది కాదు. నేను పగలు దాన్ని ఒళ్లోనే పెట్టుకుని పని చేసుకునేదాన్ని. రాత్రి ఊయల పక్కన గోడకానుకుని కూర్చుని చప్పుడు వినేదాన్ని.

పుష్యమాసం సగం అయ్యేసరికి నాకు ఒక సంగతి స్పష్టమైంది. నేను చెట్టు గురించి మాట్లాడినంతకాలం, బిడ్డ గురించి మాట్లాడినంతకాలం ఈ ఇంట్లో ఎవరూ వినరు. వీళ్లకు ఏది ముఖ్యమో దాని గురించి మాట్లాడాలి. అందుకని కొళాయి దగ్గర ఇంటావిడ ఎదురైనప్పుడు పెండ్లి ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయని అడిగాను. బళ్లారి నుంచి మోటారు కారు వస్తుందని, పూలతో అలంకరించి పెండ్లికొడుకును అందులోనే మెరవణిగా ఊరంతా తిప్పి వాకిట్లోకి తెస్తారని ఆవిడ గొప్పగా చెప్పింది. నేను గేటువైపు చూసి, అయ్యో, అన్నాను. ఏమైంది అంది ఆవిడ. ఏమీ లేదు పెద్దమ్మా, ఆ కొమ్మ గేటు మీద అంత కిందికి వాలి ఉంది కదా, పూల మంటపం కట్టిన కారు దాని కింద పట్టదేమో, బళ్లారివాళ్లు వీధిలోనే దిగి నడిచి రావాలేమో అనిపించింది అన్నాను.

అంతే అన్నాను. నీళ్లు పట్టుకుని వచ్చేశాను. చెట్టు మీదికి గొడ్డలంటూ వస్తే మా కొమ్మకూ దారి దొరుకుతుందని నా ఆశ. నా బిడ్డ కోసం నెలరోజులుగా కదలని చెట్టు, పెండ్లికొడుకు కారు కోసం ఆ మర్నాడే కదిలింది.

పొద్దున్నే మేకలాయన ఒకడు గొడ్డలి భుజాన వేసుకుని దిగాడు. కొమ్మలు కొట్టినందుకు ఆకు వాడిది, కట్టె ఇంటాయనది. అదీ ఒప్పందం. మండీ నుంచి ఒక రంపం కూడా పంపించారు. పెద్దమనిషి గేటు మీది కొమ్మను చూపించి, దీన్ని మొదలుకంటా తీసేయ్, ఆ పక్కది ముట్టుకుంటే చూడు, అని చెప్పి కౌతాళం వైపు పత్తి చూడడానికి పోయాడు.

నా తెలివికి నేను మురిసిపోయిన సమయం చాలా కొద్దిది. మేకలాయన రంపాన్ని పక్కన పెట్టి గొడ్డలితోనే పని మొదలుపెట్టాడు. గేటు కొమ్మ సగం తెగగానే తన బరువుకు తానే ఒరిగి, బెరడును మాను కింది దాకా పట్టీలా చీల్చుకుంటూ పడిపోయింది. అప్పుడు చెట్టును చూశాను. ఇంతకాలం రెండు కొమ్మలూ రెండు వైపులా లాగుతుంటే అది ఎలాగో నిలబడింది. ఇప్పుడు ఒకవైపు ఖాళీ. మొత్తం బరువు చీలిన పంగ మీద, అక్కడినుంచి మా మిద్దె మీద. ఇనుప పట్టీ పట్టుకోవడానికి గేటు కొమ్మ లేక జారి వేలాడుతోంది. గాలి లేకుండానే పిట్టగోడ దగ్గర చప్పుడైంది. లోపల పాప ఊయలలో ఉంది.

నేను లోపలికి పరుగెత్తి పాపను తీసుకుని వాకిట్లోకి వచ్చాను. మేకలాయన కిందికి దిగబోతున్నాడు. ఆగమన్నాను. ఇది కూడా కొట్టాలి అన్నాను.

"ఇది ముట్టుకోవద్దన్యాడు గదమ్మా ఆయప్ప," అన్నాడు వాడు.

"మొదలుకంటా వద్దు. సగానికి తగ్గించాలి. ఆకంతా నీదే," అన్నాను.

వాడు కింద ఎదురుచూస్తున్న మేకలవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. చేలలో మేత అయిపోతున్న రోజులు. వాడి న్యాయబుద్ధికి మేకలు తీర్పు చెప్పాయి. మళ్లీ ఎక్కాడు.

గొడ్డలి వద్దు, రంపం తీసుకో అన్నాను. మొదట కిందినుంచి కొంత కోయమన్నాను. ఆ తర్వాత కాస్త ముందుకు జరిగి పైనుంచి కోయమన్నాను. అలాగైతే కొమ్మ పడేటప్పుడు బెరడు చీల్చుకుపోదు. నిటారుగా పైకి పోయిన పిల్లకొమ్మ ఒకటి ఉంది, దాని దగ్గరిదాకా తగ్గించి దాన్ని వదిలేయమన్నాను. మొండి పొడుగ్గా వదలొద్దు, అలాగని మాను లోపలికీ పోవద్దు, కొమ్మ మొదట్లో ఉన్న ఆ ఉబ్బు దగ్గర ఆపు అన్నాను. పైనుంచి వాడు నవ్వాడు.

"ఏమ్మా, చెట్టుకు క్షవరం చేస్తాండామా, కాన్పు చేస్తాండామా?"

నవ్వితే నవ్వాడు, చెప్పినట్టు కోశాడు. ఆ కొమ్మ పడినప్పుడు చప్పుడుకు పాప ఏడ్చింది. పిట్టగోడ మీద ఆకాశం కనిపించింది. పడిన కొమ్మలో, పిట్టగోడను రాసుకున్నచోట, లోపల పిడికెడంత మేర నల్లగా, తడిగా, ముట్టుకుంటే పొడిలా రాలుతూ ఉంది. మేకలాయన దాన్ని వేలితో గీరి చూసి, ఇది ఎండకాలం దాటేది కాదులేమ్మా అన్నాడు. ఆ ముక్కను పెద్దమనిషికి చూపించడానికి దాచి ఉంచాను. చూపించినా ఆయన చూడలేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు. నాతో మాట్లాడలేదు. ఆడవాళ్లతో తగవు పెట్టుకోవడం ఆయన మర్యాదకు తక్కువ. ఆఫీసు నుంచి వస్తున్న మా ఆయనను గేటు దగ్గరే ఆపి, వీధి వీధంతా వినేట్టు, "మీ ఇంట్లో మొగోడు ఎవరప్పా?" అని అడిగాడు. "చెప్తే వాళ్లతోనే మాట్లాడుకుంటా. నెలాకరుకు ఇల్లు ఖాళీ చేయండి."

మా ఆయన తల దించుకుని లోపలికి వచ్చాడు. పోయి నాలుగు మంచిమాటలు చెప్పి రమ్మన్నాడు. నేను వాకిట్లోకి తీసుకుపోయి పుచ్చిన కొమ్మ చూపించాను. ఆయన దాన్ని చూసి, అవును పుచ్చింది అన్నాడు. చూసి కూడా, అయినా నువ్వు చెప్పకుండా కొట్టించి ఉండకూడదు అన్నాడు. చెప్పాను కదా, నెలరోజులు అదే కదా చెప్పాను అన్నాను. ఆ మాట ఆయనకే కాదు, ఆ ఊళ్లో ఎవరికీ జవాబు చెప్పవలసిన మాటగా తోచలేదు.

వెటకారం చేస్తున్నాను కానీ, ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. కాలువ పనుల మీద వచ్చినవాళ్లతో ఊళ్లో ఇళ్లన్నీ నిండిపోయాయి. దొరికిన ఒక్క గది జిన్నింగు మిల్లు వెనకాల ఉంది. అక్కడ పగలంతా దూది నుసి గాలిలో తేలుతూ ఉంటుంది. పోయి చూసివచ్చేసరికి నా కొప్పు తెల్లబడింది. ఇప్పటికే పొగకు దగ్గే బిడ్డను తీసుకుపోయి ఆ నుసిలో పడుకోబెట్టాలి. కొమ్మ తప్పించానని సంతోషించనా, గూడే పోగొట్టానని ఏడవనా తెలియలేదు. పాపను ఎత్తుకుని చెట్టు కింద నిలబడి పైకి చూసేదాన్ని. కోసినచోట రసం కారలేదు. పొడిగా, శుభ్రంగా ఉంది. అది ఒక్కటే నాకు ధైర్యం.

నెలాఖరు రాకముందే బళ్లారి వియ్యాలవారు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. నేను వంటగది కిటికీ పక్కనుంచి విన్నాను. పెండ్లికూతురి తండ్రి కాబోలు, తెల్లని పంచె కట్టిన ఆయన, వాకిట్లో నాలుగువైపులా తిరిగి చూసి, "ఏం బెళకు వచ్చిందప్పా మీ అంగళానికి, చెట్టు కూడా చక్కగా పెట్టినారే," అన్నాడు. వాళ్ల భాషలో బెళకు అంటే వెలుగు, అంగళం అంటే వాకిలి.

మా పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "చలికాలంలోనే కొట్టించాలప్పా చెట్టు. అప్పుడు రసం అడుక్కు దిగి పండుకోనుంటాది. గాయం తొందరగా మానుతాది. చానామందికి తెలీదు ఈ ఇసయం," అన్నాడు.

నా చేతిలో గరిట ఆగిపోయింది. రసం పడుకుంటుందని నేను అనలేదు. తక్కువగా పారుతుందని అన్నాను. అది తప్ప మిగతాదంతా నా మాటే. కంబళి ఊసు లేదు. బళ్లారాయన మెచ్చుకుంటూ తల ఊపాడు. మా ఊళ్లో మండుటెండలో నరుకుతారండీ, చెట్టు చస్తుంది, అన్నాడు. మూర్ఖులు, అన్నాడు మా పెద్దమనిషి.

ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఉండమని కూడా అనలేదు. పెద్దవాళ్లు తప్పు దిద్దుకునే పద్ధతి అదే. మా ఆయన మాత్రం అంతా తన మౌనం వల్లే సర్దుకుందని ఇప్పటికీ నమ్ముతున్నాడు.

మాఘం చివర చెట్టు ఆకు రాల్చింది. ఉగాది దగ్గరపడేసరికి రాగిరంగు చిగురు తొడిగింది. కోసిన గాయం చుట్టూ బెరడు పెదవిలాగా ఉబ్బి లోపలికి ముడుచుకోసాగింది. నేను ఉంచమన్న పిల్లకొమ్మ పైకి లేచి గొడుగు విప్పింది. చీలిన పంగ మీద ఇప్పుడు సగం బరువు కూడా లేదు. వేలాడుతున్న ఇనుప పట్టీని నేనే తీసి పడేశాను. పాప వాకిట్లో పాకడం మొదలుపెట్టింది.

పెండ్లికి మోటారు కారు గేటులోంచి సునాయాసంగా వచ్చింది. వచ్చినవాళ్లందరూ చెట్టు నీడను మెచ్చుకున్నారు. పెద్దమనిషి వాళ్లందరికీ రసం పండుకోవడం గురించి చెప్పాడు. ఇంత తెలిసిన మనిషి పందిరికి ఆకులు చాలలేదని ఏం చేశాడో చెబుతాను. మా గోడ అవతల ఆయనదే ఇంకో చిన్న రేకుల ఇల్లు ఉంది. అందులో దూదేకే ఆయన కుటుంబం అద్దెకుంటారు. వాళ్ల వాకిట్లో కూడా ఒక వేపచెట్టు. పెండ్లికి ముందురోజు, వైశాఖం ఎండ నిప్పులు చెరుగుతుంటే, మనుషులను పంపించి దాని కొమ్మలు విరిపించాడు. కోయలేదు, పట్టుకుని వేలాడి విరిచారు. బెరడు పీలికలుగా చీలింది. గాయాలనుంచి జిగురు కారి పురుగులు మూగాయి. పందిరికి పచ్చదనం వచ్చింది.

పెండ్లి అయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఎర్రటి దుమ్ము లేచి, ఎదురిల్లు కనిపించకుండా పోయింది. నేను పాపను గుండెకు అదుముకుని గదిలో నిలబడి పైకప్పువైపు చూస్తున్నాను. మిద్దె మీద పుల్లలు పడ్డ చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ అవతల మాత్రం పెద్ద శబ్దమైంది. వాన తగ్గాక దూదేకే ఆయన భార్య పిల్లవాణ్ణి చంకనేసుకుని మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. వాడు మా పాపకంటే కొంచెం పెద్దవాడు. విరిచి వదిలేసిన పెద్దకొమ్మ ఒకటి చీలిన చోటినుంచి ఊడి వాకిట్లో మంచం మీద పడింది. మంచం రెండు ముక్కలైంది.

"వీడు ఆడే పండుకోనుండె అక్కా," అంది ఆమె. "వాన వస్తాందని నేను అప్పుడే ఎత్తుకొంటి."

నేను పిల్లలిద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఆమెకు నీళ్లిచ్చాను.

మర్నాడు పెద్దమనిషి నష్టం చూసుకోవడానికి వచ్చాడు. గోడ అవతలిది చూసి, ఇది ముందునుంచీ సత్తువ లేని చెట్టు అన్నాడు. ఇవతలికి వచ్చి మా చెట్టును అరచేత్తో తట్టాడు. ఈసారి నాతోనే మాట్లాడాడు.

"చూసినావామ్మా, ఎంత గాలి వచ్చినా మా చెట్టు ఎట్ల నిలబడినాదో. నువ్వు ఊరికే బయపడి కొట్టిస్తివి. ఉండింటే ఆ కొమ్మ కూడా ఏమీ అయ్యేది కాదు."

దీనికి ఏం సమాధానం చెప్పాలి? పడని కొమ్మను తీసుకొచ్చి ఎవరికి చూపించాలి? చలికాలంలో కోసినందువల్ల కలిగే లాభాలన్నింటిలోనూ ఇదే పెద్దది, దీనికే సాక్ష్యం లేదు. పుచ్చిన ముక్క దాచి ఉంచాను కదా, అది ఎప్పుడో ముందింటివాళ్ల నీళ్ల పొయ్యిలోకి పోయింది.

పెద్దమనిషి అక్కడితో ఆగలేదు. రసం సంగతి, చలికాలం సంగతి పూర్తిగా మరిచిపోయి, చెట్లు కొట్టిస్తే బాగుంటాయన్న ఒక్క ముక్కే గుర్తుంచుకుని, మిట్టమధ్యాహ్నం మనుషులను పిలిపించి గోడ అవతలి వేపచెట్టును మొండి చేయించాడు. విరిగిన కొమ్మ ఒక్కటి తీయించి మిగతాది పుష్యం దాకా వదిలేయమని చెప్పించాను. ఎవరు వింటారు? ఇప్పుడు అక్కడ ఒక మాను, దాని మీద ఎండకు పగులుతున్న బెరడు, అంతే ఉంది. నీడలేక ఆ రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది.

అందువల్ల మధ్యాహ్నాలు దూదేకే ఆయన భార్య పిల్లవాణ్ణి తీసుకుని మా వాకిట్లోకే వస్తుంది. వేపచెట్టు కింద చాప వేస్తాను. నిన్న పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని పడుకున్నారు. నేను పైకి చూశాను. అలవాటు పోలేదు, రోజూ చూస్తాను. పంగ దగ్గర చీలిక పెరగలేదు, గాయం అంచులు ఇంకొంచెం దగ్గరపడ్డాయి. మండీ నుంచి భోజనానికి వచ్చిన పెద్దమనిషి గేటు దగ్గర ఆగి వాళ్లను చూశాడు. ఇదేమన్నా సత్రమా అంటాడనుకున్నాను.

"నా చెట్టు నీడ ఎంతమందికి అక్కరకొస్తాందో చూడు," అన్నాడు.

అవును పెదనాయనా, మీ చెట్టే, అన్నాను. పిల్లలు అప్పుడే నిద్రలోకి జారారు. ఆయనతో అంతకంటే మాట్లాడితే లేస్తారు.